ఏం తప్పు చేసిందని?

మన స్త్రీవాద రచనల్లో వంటిల్లు ఉంది, పురిటిగది ఉంది, పొలం, ఆఫీసు, పడకగది అన్నీ ఉన్నాయి. ఆట మాత్రం ఎక్కడో తప్ప కనబడదు. బాల్యం గురించి రాసేటప్పుడు తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు ఒక జ్ఞాపకంగా వచ్చిపోతాయి, అంతే. పెద్దయిన ఆడమనిషి ఆరోగ్యం కోసమనో పిల్లల కోసమనో సాకు చెప్పకుండా ఊరికే ఆడుకోవడం గురించి మనం పెద్దగా ఆలోచించలేదు. అందులోనూ నేను మాట్లాడబోయేది కొట్టుకునే ఆట. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి బలం అయిపోయేదాకా గుద్దుకునే వీడియో గేం. స్త్రీల మీద హింసకి వ్యతిరేకంగా దశాబ్దాలుగా రాస్తూ, వీధుల్లోకి వస్తూ ఉన్న మనం ఇలాంటి ఆట ఆడొచ్చా? ఆడితే కలిగే ఆనందాన్ని ఏమనాలి? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసి పక్కన పెట్టలేకపోయాను.

ఆట పేరు 'ది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97'. జపాన్‌లోని ఎస్.ఎన్.కె. కంపెనీ 1997లో విడుదల చేసింది. ఈ వరసలో మొదటిది 1994లో వచ్చింది. ఆ కంపెనీ అంతకుముందు విడివిడిగా తీసిన 'ఫేటల్ ఫ్యూరీ', 'ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్', 'ఇకారి వారియర్స్', 'సైకో సోల్జర్' అనే ఆటల్లోని మనుషుల్ని ఒకచోటికి తెచ్చి, ముగ్గురేసి జట్లుగా చేసి పోటీ పెట్టింది. ఇలా వేరువేరు కథల వాళ్ళు తమ కథ గడప దాటి వచ్చి కలుసుకునే ఆటల్ని క్రాస్ఓవర్ అంటారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఏడాదికొక సీక్వెల్ వచ్చింది. ఒకరు ఓడితే ఆ జట్టులో రెండో మనిషి వస్తారు, ఆ తర్వాత మూడో మనిషి. గెలిచినవాళ్ళకి పోయిన బలంలో కొంత తిరిగొస్తుంది. ముగ్గురూ ఓడితేనే జట్టు ఓడినట్టు.

మన చిన్న ఊళ్ళకి ఈ ఆట కొత్తేమీ కాదు. నేను కదిరిలో చదువుకునే రోజుల్లో బస్టాండు దగ్గర ఇరుకు గదుల్లో వీడియో గేం షాపులుండేవి. లోపల చీకటి, పెట్టెల వెలుగు, మగపిల్లల కేకలు. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. కింగ్ ఆఫ్ ఫైటర్స్‌తో పాటు అందరూ ఎగబడి ఆడింది 'ముస్తఫా'. అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్', 1993 నాటిది. అందులో ఆడేవాళ్ళు ఎంచుకోవడానికి నలుగురున్నారు: జాక్, హానా, ముస్తఫా, మెస్. హానా ఆడమనిషి. ఆ నలుగురిలో ఒకడి పేరే మన దేశంలో ఆ ఆటకి పేరైపోయింది. ముస్తఫా మనకి తెలిసిన పేరు కాబట్టి నోటికి పట్టుకుంది, నిజమే. అయినా హానా కూడా అదే తెర మీద, అంతే బలంతో నిలబడి ఉందన్న సంగతి ఎవరూ చెప్పుకోలేదు.

ఆ గదుల్లోకి ఆడపిల్ల అడుగుపెట్టగా నేను చూడలేదు. రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. బోర్డు అక్కర్లేదు కదా! బస్టాండు నుంచి ఇంటికి నడిచే దారిలో ఆ చప్పుళ్ళు వినిపించేవి, తెర మాత్రం కనిపించేది కాదు. మాకు ఆ ఆట ఒక చప్పుడు.

ఇప్పుడా ఆట ఫోన్లలోకీ కంప్యూటర్లలోకీ వచ్చేసింది. డిగ్రీ చదివే నా మేనకోడలు సెలవులకి కదిరి వచ్చినప్పుడు లాప్‌టాప్‌కి రెండు కంట్రోలర్లు తగిలించి నాకు నేర్పింది. "అత్తా, బటన్లన్నీ ఒకేతూరి నొక్కితే కాదు. ఎదురోళ్ళు కొట్టేదాకా కాసుకోనుండల్ల" అంది. విత్తనాల కోసం చెనక్కాయలు ఒలిచి ఒలిచి గట్టిపడిన బొటనవేళ్ళు మా ఇళ్ళలో ఆడవాళ్ళవి. వాటికి ఇది కొత్త పని. రెండు రోజుల్లో పట్టుబడింది. నేను అథీనాని తీసుకుంటే తను లియోనాని తీసుకుంది. ఆడుతున్నాం. మా అమ్మ అవతల కూర్చుని మల్లెమొగ్గలు కడుతూ తెరవైపు చూస్తోంది. కాసేపయ్యాక అడిగింది.

"ఏం తప్పు చేసిందని ఆ పిల్లని అట్ల కొడతాండారు?"

"తప్పేం లేదవ్వా. ఇది ఆట" అని నవ్వింది మేనకోడలు.

ఆ జవాబు అమ్మకి ఎక్కలేదు. తప్పు లేకుండా దెబ్బ ఎట్లా ఉంటుంది? ఆమె అనుభవంలో ప్రతి దెబ్బకీ ముందు ఒక తప్పు ఉంటుంది. తప్పు దొరక్కపోతే వెతుకుతారు. కొట్టినవాడు వెతక్కపోతే తిన్నదే వెతుక్కుంటుంది.

ఇది మా అమ్మ ఒక్కదాని సంగతి అయితే ఇంత రాయనక్కర్లేదు. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. భర్త భార్యని కొట్టడం సమంజసమేనా అని అడుగుతూ ఏడు సందర్భాలు చెప్పారు: చెప్పకుండా బయటికి వెళ్తే, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడకకి ఒప్పుకోకపోతే, వంట సరిగ్గా చేయకపోతే, అతనికి ఆమె మీద అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. వీటిలో కనీసం ఒక్కదానికైనా కొట్టొచ్చు అన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం. తెలంగాణలోనూ దాదాపు అంతే. దేశంలో పెద్ద రాష్ట్రాల్లో ముందు వరుసలో నిలిచింది మన రెండు తెలుగు రాష్ట్రాలే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో 30 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించామని చెప్పారు.

ఈ 84 శాతాన్ని చూసి 'ఆడవాళ్ళకే చైతన్యం లేదు' అని పెదవి విరిచేవాళ్ళని చూశాను. నాకు మరోలా అనిపిస్తుంది. దెబ్బ తప్పనిసరి అయిన చోట, దానికొక కారణం ఉందని నమ్మడం బతకడానికి ఒక దారి. తప్పు నాదైతే రేపు ఆ తప్పు చేయకుండా ఉండొచ్చు. పప్పులో ఉప్పు సరిచూసుకుంటాను, చెప్పే వెళ్తాను, ఎదురు మాట్లాడను. అంటే దెబ్బని ఆపే తాళంచెవి నా చేతిలోనే ఉన్నట్టు. కారణమే లేదని ఒప్పుకుంటే ఆ తాళంచెవి కూడా లేదని ఒప్పుకోవాలి. అందుకే తప్పు అన్న మాటని అంత గట్టిగా పట్టుకుంటాం. పితృస్వామ్యం మన చేతికిచ్చిన ఓదార్పు అది. ఆ ఓదార్పు ఖరీదు ఏమిటంటే, దెబ్బ దెబ్బలా కనబడకుండా శిక్షలా కనబడుతుంది. కొట్టేవాడు న్యాయమూర్తి అయిపోతాడు.

మన భాష కూడా ఇందుకు సాయపడుతుంది. ఓటమికీ నేరానికీ మనకి ఒకే ధాతువు. పరీక్ష పోతే 'తప్పింది' అంటాం. దారి తెలియకపోతే 'తప్పింది', మాట నిలబెట్టుకోకపోతే 'తప్పింది'. చివరికి కడుపుతో ఉన్నా 'నెల తప్పింది'. తెలుగులో ఆడపిల్ల ఏది చేయలేకపోయినా, ఒక్కోసారి ఏది జరిగినా, వాక్యం చివర తప్పు వచ్చి కూర్చుంటుంది.

కొట్టుకునే ఆట ఈ ముడిని విప్పుతుంది. ఆ ఆటలో నా అథీనా ఓడిపోతే ఆమె ఏ తప్పూ చేసినట్టు కాదు. ఒక అడుగు ఆలస్యమైంది, ఒక దెబ్బ కాచుకోలేకపోయింది, అంతే. కొట్టిన లియోనా ఆమెకి బుద్ధి చెప్పలేదు. తర్వాతి ఆటలో ఇద్దరికీ మళ్ళీ నిండు బలం. దెబ్బకీ తప్పుకీ సంబంధం తెగిన చోటు మా అమ్మ జీవితంలో ఎక్కడా లేదు. అందుకే ఆమెకి ఆ తెర అర్థం కాలేదు. నాకు ఆ ఆట ఎందుకు నచ్చిందో కూడా ఆమె ప్రశ్న విన్నాకే అర్థమైంది.

క్రాస్ఓవర్ ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. మామూలు కథలో నాయకుడు, ప్రతినాయకుడు ఉంటారు. దెబ్బలు తినేవాడు దుర్మార్గుడు కాబట్టి మనం చప్పట్లు కొడతాం. రెండు కథల నాయకుల్ని ఎదురెదురుగా నిలబెడితే దుర్మార్గుడెవడు? ఎవడూ లేడు. ఇది మనకి తెలియని సంగతి కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' నాటకం ఊరూరా ఆడింది ఈ బలం మీదే. శ్రీకృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం! కృష్ణుడు గయుణ్ణి చంపుతానని ప్రతిజ్ఞ చేశాడు, అర్జునుడు సంగతి తెలియక అభయమిచ్చాడు. ఇద్దరూ మాటకి కట్టుబడ్డవాళ్ళే. 1963లో కె.వి.రెడ్డి దాన్నే 'శ్రీకృష్ణార్జున యుద్ధం'గా తీశారు. 1975లో బాపు తీసిన 'శ్రీరామాంజనేయ యుద్ధం' కూడా అదే పోలిక. చెడ్డవాడు లేని యుద్ధాన్ని తెలుగు ప్రేక్షకులు తరాలుగా డబ్బిచ్చి చూశారు.

తెర మీద బొమ్మలు కొట్టుకోవడం కూడా మా ప్రాంతానికి కొత్త కాదు. 2022 నుంచి కదిరి ఉన్న శ్రీసత్యసాయి జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంత భీకరంగా కొట్టుకున్నా, తెల్లారాక ఇద్దరూ ఒకే పెట్టెలో సర్దుకుంటారు. రేపు ఇంకో ఊళ్ళో మళ్ళీ ఆట. ఆటకి ఉన్న నీతి ఇదే అనుకుంటాను: ఎంత కొట్టుకున్నా పెట్టె ఒకటే.

దీని పక్కన మా సీమకి అంటించిన మరో రకం కొట్లాటని పెట్టి చూడండి. ఫ్యాక్షన్‌లో ఒక చావుకి ఇంకో చావు బాకీ. తాత లెక్క మనవడు తీర్చాలి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' వచ్చి ఆ లెక్కల్నే పండగ చేశాయి. అక్కడా సీక్వెల్ ఉంటుంది, కానీ అందులో బాకీ ముందుకి నడుస్తుంది. దెబ్బకి కారణం లేని క్షణం ఫ్యాక్షన్‌లో ఉండదు. ఇంట్లో కొట్టే భర్త చెప్పే కారణానికీ, ఊళ్ళో నరికే మనిషి చెప్పే కారణానికీ నిర్మాణం ఒకటే: 'వాళ్ళు చేసిందానికి'.

ఈ ఆటలోనూ పగ ఉంది, దాచను. కుసనాగి, యసకాని అనే రెండు వంశాల మధ్య 660 ఏళ్ళ వైరం ఈ వరస కథకి వెన్నెముక. అయితే రెండో ఆట నుంచి, అంటే 1995 నుంచి, ఆడేవాళ్ళు జట్టుని తమ ఇష్టం వచ్చినట్టు కలుపుకోవచ్చు. ఆ రెండు వంశాల వారసులు క్యో, ఇయోరిలని ఒకే జట్టులో పెట్టొచ్చు. 97లో వాళ్ళిద్దరితోపాటు మూడో వంశపు స్త్రీ చిజురుని కూడా ఒక జట్టుగా చేసి గెలిస్తే, మామూలుగా రాని ఒక ప్రత్యేక ముగింపు తెర మీదికొస్తుంది. కథ పగ పెట్టింది, నియమం దాన్ని దాటే వీలిచ్చింది. ఆ వీలు వాడుకోవడం ఆడేవాళ్ళ చేతిలో ఉంది.

ఇంతవరకు ఆట పక్షాన మాట్లాడాను. ఇప్పుడు ఎదురు మాట వినాలి. నియమం సమానంగా ఉంటే సరిపోతుందా? బొమ్మ ఎలా ఉంది?

మన కథల్లో, ఆటల్లో స్త్రీకి మూడు చోట్లు కనబడతాయి. మొదటిది పందెం. జూదంలో ఆడిందీ ఓడిందీ ధర్మరాజు. సభలో చీర లాగింది ద్రౌపదిది. ఆమె పాచికలు ముట్టుకోలేదు. అయినా ముందు ఎవరిని పోగొట్టుకున్నాడు, తననా నన్నా అని నియమం మీదే ప్రశ్న వేసింది. ఆ నిండు సభలో ఆట గురించి అంత సూటిగా అడిగింది ఆడనివ్వని మనిషే! రెండోది బహుమతి. 1987 నాటి 'డబుల్ డ్రాగన్' వీడియో గేం మొదలవడమే ఒక అమ్మాయి పొట్టలో గుద్ది, భుజాన వేసుకుని ఎత్తుకుపోవడంతో. ఆ తర్వాత ఆటంతా ఆమెని తెచ్చుకోవడానికి మగవాళ్ళ కొట్లాట. అమెరికాలో అనీటా సర్కీసియన్ 2013లో మొదలుపెట్టిన వీడియో వ్యాసాల్లో తొలి అంశం ఇదే. ఆటల్లో ఆపదలో పడిన అమ్మాయి గురించి మాట్లాడినందుకు ఆమెకి వచ్చిన బెదిరింపులు అన్నీ ఇన్నీ కావు. సుభద్రని కూడా ఈ వరసలోనే చూడాలేమో. అన్నకీ భర్తకీ మధ్య రాయబారం నడుపుతుంది. యుద్ధం ఆమె వాళ్ళది, విల్లు మాత్రం ఆమెది కాదు.

మూడో చోటు ఆటగత్తె. 1991లో 'స్ట్రీట్ ఫైటర్ 2'లో చున్‌లీ వచ్చింది. ఎంచుకోవడానికి ఉన్న ఎనిమిది మందిలో ఆమె ఒక్కతే ఆడది. ఆడవాళ్ళు బలహీనులు కాబట్టి ఆమెకి లైఫ్ గీత పొట్టిగా పెడదామని తయారీ బృందంలోనే ఒకరు అన్నారని, అది జరగలేదని ఆ ఆట నిర్మాతల్లో ఒకరు తర్వాతి కాలంలో చెప్పారు. ఆ గీత పొడవు మీద జరిగిన వాదన నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. అది పొట్టిగా ఉండి ఉంటే, ఆడదానితో ఆడటం అంటే చేతకానితనంతో ఆడటమని లక్షలమంది పిల్లల వేళ్ళకి అలవాటై ఉండేది. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 94లో ఇరవై నలుగురిలో నలుగురు స్త్రీలు, ముగ్గురు ఆడవాళ్ళ జట్టుగా, ఒకరు మగవాళ్ళతో కలిసి. 97కి వచ్చేసరికి ఎనిమిది మంది అయ్యారు. అందరి గీతా ఒకే పొడవు.

గీత సమానమే. గీసిన బొమ్మ సమానం కాదు. మగ పాత్రల ఒంటిని బలం కనిపించేలా గీశారు, ఆడ పాత్రల్లో చాలామంది ఒంటిని చూపుల కోసం గీశారు. మై షిరనుయి అన్న పాత్ర గెలిచినప్పుడు కూడా ఆమె ఒళ్ళు ఆమె గెలుపుకి పనికొచ్చేలా కదలదు. ఎదురుగా కూర్చున్న మగపిల్లవాడి కోసం కదులుతుంది. ఇంకా ఘోరం ఉంది. ఈ ఆటల్లో కింగ్ అనే పేరున్న పాత్ర ఒక స్త్రీ. మగవాళ్ళ సూట్‌లో, థాయ్ కిక్‌బాక్సింగ్ చేస్తుంది. ఆమె మొదట కనిపించింది 1992 నాటి 'ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్'లో. అందులో ఒక ప్రత్యేకమైన దెబ్బతో ఆమెని ఓడిస్తే చొక్కా చిరిగి, లోదుస్తులు బయటపడి, ఆడదని తెలుస్తుంది. మగవాడు ఓడితే పడిపోతాడు. ఆడది ఓడితే బట్ట ఊడుతుంది. సభాపర్వం పదహారు బిట్ల యంత్రంలోకి అలా వచ్చి చేరింది. 2018లో అదే కంపెనీ తన ఆటల్లోని ఆడవాళ్ళని ఒకచోట చేర్చి 'ఎస్.ఎన్.కె. హీరోయిన్స్' అనే కొత్త క్రాస్ఓవర్ తీసింది. కథేమిటంటే, ఒక విలన్ వాళ్ళని బంధించి తన సరదాకి తగ్గ దుస్తులు తొడుగుతాడు! పాతికేళ్ళ తర్వాత కూడా దెబ్బని సమానంగా పంచగలిగారు గానీ చూపుని పంచలేకపోయారు.

జయప్రభ 'చూపులు' కవిత చదివిన మనకి దీని గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. కానీ ఒక తేడా గమనించాలి. వీడియో గేముల మీద ఎప్పుడు చర్చ వచ్చినా పిల్లలు హింసకి అలవాటు పడతారన్న భయమే ముందుకొస్తుంది. నాకు ఆ భయం తప్పు చోట నిలబడినట్టు కనిపిస్తుంది. ఆటలో దెబ్బ కల్పితం. అథీనాకి ఒళ్ళు లేదు, నొప్పి లేదు. చూపు మాత్రం కల్పితం కాదు. ఆ బొమ్మని చూసిన కళ్ళు నిజమైనవి, షాపులోంచి బయటికొచ్చి బస్టాండులో నిలబడిన ఆడపిల్లల మీద పడేది ఆ కళ్ళే. ఆ గది మాకు మూసుకుపోవడానికి కారణం లోపల జరిగే కొట్లాట కాదు, గుమ్మం దగ్గర ఉండే చూపు. కాబట్టి ఈ ఆటని నైతికంగా తూచాల్సి వస్తే నేను దెబ్బని ఒక పక్కన, చూపుని ఇంకో పక్కన పెట్టి విడివిడిగా తూస్తాను. మొదటిదాన్ని ఒప్పుకుంటాను. రెండోదాన్ని ఒప్పుకోను.

అయినా దెబ్బని తేలిక చేస్తున్నావు కదా అని ఒక స్నేహితురాలు అడిగింది. గృహహింస కేసుల్లో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆమెకి ఆ మాట అడిగే హక్కుంది. నా జవాబు ఇది. ఆటని ఆటగా నిలబెట్టే షరతులు మూడు. రెండో రూపాయి పడితేనే రెండో మనిషి తెర మీదికొస్తుంది; ఆమె ఒప్పుకోకపోతే పోటీ లేదు. ఇద్దరికీ నియమం ఒకటే, అది ఆట మధ్యలో మారదు. ఎవరైనా ఎప్పుడైనా కంట్రోలర్ కింద పెట్టి లేచి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు ఈ మూడింటినీ ఇంట్లో పడే దెబ్బకి పెట్టి చూడండి. ఒప్పుకోలు లేదు. నియమం అతనొక్కడే రాస్తాడు, రోజుకోలా మారుస్తాడు. లేచి వెళ్ళడానికి చోటు లేదు. మనం పోరాడి సాధించుకున్న 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఆమెకి అదే ఇంట్లో ఉండే హక్కునీ, అతన్ని ఆపే రక్షణ ఉత్తర్వునీ ఇచ్చింది. అంటే చట్టం చేయబోయింది కూడా ఈ లేని షరతుల్ని సమకూర్చడమే. ఆటకీ హింసకీ మధ్య ఉన్నది ఎక్కువ తక్కువల తేడా కాదు, జాతి తేడా. ఆట తెలిసిన మనిషికి ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుందని నా నమ్మకం. ఇది ఆట కాదు, నేను ఆడటానికి ఒప్పుకోలేదు అని చెప్పగలగాలంటే ఆట ఏమిటో ఒకసారైనా తెలియాలి కదా!

ఇక ఓటమి మాట. మా ఊరికి దగ్గర్లో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన మహావృక్షం. పదిహేనో శతాబ్దంలో తిమ్మమ్మ భర్త చితిలోకి దిగి ప్రాణం విడిచిందని, ఆ చితి దగ్గర నాటిన గుంజ చిగురించి ఈ మాను అయిందని చెబుతారు. పిల్లలు లేనివాళ్ళు వెళ్ళి మొక్కుకుంటారు. ఆ నీడ చల్లగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఆ కథలో స్త్రీ గెలవడానికి ఒకే ఒక అవకాశం ఉంది, అది ఆఖరిది. రెండో ఆట లేదు. మన ఆదర్శ స్త్రీలందరి కథలూ దాదాపు ఇంతే. ఒక్కసారిలో గెలవాలి. ఓడితే కథే ఉండదు.

నిజ జీవితంలో దీని రూపం ఇంకా మామూలుగా ఉంటుంది. ఇంటర్ తప్పిన అబ్బాయికి సప్లిమెంటరీ, ఇంటర్ తప్పిన అమ్మాయికి పెళ్ళి. వానలు మోసం చేసిన ఏడు ఈ మెట్ట ప్రాంతంలో ముందు ఆగేది ఎవరి చదువో చెప్పనక్కర్లేదు. వీడియో గేంలో ఓడిపోగానే తెర మీద అంకెలు వెనక్కి లెక్కపడుతూ ఉంటాయి. అవి సున్నాకి చేరేలోపు ఇంకో రూపాయి వేస్తే ఆట కొనసాగుతుంది. మగపిల్లల జేబులో ఆ రెండో రూపాయి ఉంటుందని ఇల్లూ ఊరూ ఒప్పుకున్నాయి. ఆడపిల్లకి మొదటి రూపాయే ఇవ్వలేదు.

రూపాయి అంటే డబ్బొక్కటే కాదు, పొద్దు కూడా. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడితే, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు పెడతారు. మధ్యలో ఉన్న 202 నిమిషాల్లోనే ఆటలన్నీ ఉన్నాయి. నేను ఆడుతున్నప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న 'ఇదేం ఆట' అని కాదు. 'నీకు తీరిక ఎట్ల దొరికింది' అని.

మార్పు రాలేదని అనను. అనంతపురంలో ఆర్డీటీ నడిపే క్రీడాగ్రామంలో ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు క్రికెట్, హాకీ ఆడుతున్నారు. నార్పల మండలం బండ్లపల్లి నుంచి వచ్చిన బారెడ్డి అనూష 2023లో భారత జట్టుకి ఆడింది. గర్వపడాల్సిన విషయమే. కానీ మనం అనూషని తలచుకున్నప్పుడల్లా గెలిచినదానిగానే తలుస్తాం. ఆడపిల్ల ఆటకి మనం ఇచ్చే అనుమతి పతకం షరతు మీద ఇచ్చేది. నాకు కావలసింది అంతకన్నా చిన్నది, బహుశా అంతకన్నా కష్టమైనది. పతకం రాని ఆట, ఎవరికీ పనికిరాని ఆట, ఓడినా ఎవరూ 'తప్పింది' అనని ఆట ఆడే హక్కు. ఓడిపోయి, నవ్వి, జడ సర్దుకుని, ఇంకోసారి అనగలిగే హక్కు. అది అలవాటైన పిల్ల రేపు ఎవడైనా చెయ్యెత్తి 'నువ్వు చేసిందానికే' అన్నప్పుడు తనలో తప్పు వెతుక్కోదని హామీ ఇవ్వలేను. కాకపోతే దెబ్బ వేరు, తప్పు వేరు అని ఆమె ఒంటికి ముందే తెలిసి ఉంటుంది. నా తరానికి అది పుస్తకాలు చదివాక గానీ తెలియలేదు, అదీ కొద్దిమందికే.

మీ ఊళ్ళో, మీ ఇంట్లో, మీ కాలేజీ హాస్టల్లో ఆడపిల్లలు హాయిగా ఓడిపోగలిగే చోటు ఏదైనా ఉందా? ఉంటే దాని గురించి రాయండి. లేకపోతే, లేదని రాయండి. ఆ రెండో రూపాయి ఎవరి దగ్గర ఆగిపోయిందో మనం కలిసి లెక్క తీద్దాం.